పంపు విప్పేముందు ఒక క్యాను డీజిల్

పాత లారీ పొద్దున్నే స్టార్ట్ అవ్వకపోతే మా వైపు వినపడే మొదటి మాట "పంపు పోయినట్టుందండీ". లోడు లాగకపోయినా పంపే. నల్లపొగ వదిలినా పంపే. ఐడిలింగులో ఊగుతున్నా పంపే. ముదినేపల్లి సెంటర్లో టీ కొట్టు దగ్గర నిలబడి లారీకి ఏదో ఒక రోగం ఉందని చెప్పి చూడండి, టీ చల్లారేలోపు పంపు దించడం గురించి మాట్లాడేస్తారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఇది రోగం కనిపెట్టడం కాదు, ఊహించడం. డీజిల్ బండిలో అన్నిటికంటే ఖరీదైనది, అన్నిటికంటే సున్నితమైనది ఆ పంపు. దాన్ని చివరన అనుమానించాలి. దానికంటే ముందు చూడాల్సినవి ఓ పది ఉన్నాయి. వాటిలో చాలా వాటికి పైసా ఖర్చు లేదు, ఇంటి ముందే చూసుకోవచ్చు. మూడు పానాలు, ఒక ప్లాస్టిక్ క్యాను, ఒక గజం ట్రాన్స్‌పరెంట్ ట్యూబు, కాస్త ఓపిక ఉంటే చాలు.

సాఫ్ట్‌వేర్ వాడివి, నీకెందుకయ్యా లారీల గోల అంటారా? మా బాబాయికి ముదినేపల్లిలో ఒక పాత లారీ ఉంది. ఊరు గుడివాడకీ కైకలూరుకీ మధ్యలో, పామర్రు - దిగమర్రు హైవే మీద ఉంటుంది. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. చుట్టూ చేపల చెరువులు. ఆ లారీ పని తవుడు బస్తాలు, మేత, ఐసు దిమ్మలు గట్ల మీదికి చేర్చడం, పట్టుబడి రోజున బొచ్చె, శీలావతి ట్రేలని ప్యాకింగ్ షెడ్డుకి తోలడం. అక్కణ్ణించి హౌరా పోయే పెద్ద బళ్ళు వేరే. కానీ వల లాగేశాక గట్టు మీద లారీ మొరాయిస్తే చేప ఆగదు, ఐసు ఆగదు. వర్క్ ఫ్రం హోమ్ పుణ్యమా అని నేను ఊళ్ళో ఉన్న రోజుల్లో ఇదంతా దగ్గరగా చూశాను. మా ఆఫీసులో ప్రొడక్షన్ పడిపోతే అర్ధరాత్రి ఫోన్లు వస్తాయి. ఇక్కడ లారీ పడిపోతే సరుకే పాడైపోతుంది. ఏది పెద్ద సమస్యో మీరే చెప్పండి.

అసలు డీజిల్ ఎటు పోతుందో ఓసారి చూద్దాం. నేను చెప్పేది కంప్యూటర్ లేని పాత లారీ గురించి. ట్యాంకులో ఒక పీల్చే గొట్టం, దాని చివర జాలీ. అక్కణ్ణించి చాసిస్ పక్కగా లైను వచ్చి ఫీడ్ పంపుకి చేరుతుంది. ఇది పెద్ద పంపుకి పక్కనే అతుక్కుని ఉండే చిన్న పంపు, నెత్తిన చేత్తో కొట్టే ప్రైమర్ ఉంటుంది. దాని పని ట్యాంకులోంచి పీల్చి, ఫిల్టర్లలోంచి తోసి, పెద్ద పంపుకి అందించడం. పెద్ద పంపులో సిలిండర్‌కి ఒకటి చొప్పున ఎలిమెంట్లు ఉంటాయి. అవి పైపుల ద్వారా నాజిళ్ళకి కొడతాయి. మిగిలిన డీజిల్ రిటర్న్ లైన్లో వెనక్కి ట్యాంకులోకి పోతుంది. అంతే. పేపరు మీద గీస్తే పది గడులు, తొమ్మిది బాణాలు.

ఈ పెద్ద పంపు మామూలుది కాదు. దీన్ని జర్మనీలో బాష్ కంపెనీ 1927లో పెద్ద ఎత్తున తయారుచెయ్యడం మొదలుపెట్టింది. మన దేశంలో 1951లో బెంగళూరులో మైకో వచ్చింది. 2008లో ఆ కంపెనీ పేరు బాష్ లిమిటెడ్ అని మారింది గానీ మెకానిక్కుల నోట్లో అది ఇప్పటికీ మైకో పంపే. ఎలిమెంటుకీ దాని గొట్టానికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు, మన తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఇంజన్ నిమిషానికి 2400 చుట్లు తిరుగుతుంటే ఒక్కో నాజిల్ సెకనుకి ఇరవై సార్లు కొడుతుంది. ఫుల్ లోడులో కూడా ఒక్కోసారి వెళ్ళేది సుమారు ఒక చుక్క. అలాంటి వస్తువుని "ఓసారి విప్పి చూద్దాం" అనడం నా మటుకు నాకు భయం వేస్తుంది. దుమ్ములో విప్పితే లేని రోగం తెచ్చుకున్నట్టే.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? పానా పట్టుకోకముందు డ్రైవర్ని నాలుగు ప్రశ్నలు అడగాలి. ఎప్పుడొస్తోంది - చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఖాళీగానా, లోడుతోనా? ఒక్కసారిగా వచ్చిందా, నెమ్మదిగా పెరిగిందా? ఈ మధ్య ఏం చేశారు - ఫిల్టరు మార్చారా, కొత్త బంకులో పోయించారా? ఈ చివరి ప్రశ్న మనందరికీ తెలిసిందే. ప్రొడక్షన్లో ఏదన్నా పడితే మొదట అడిగేది "నిన్న ఏం డిప్లాయ్ చేశారు?" అనే కదా. లారీకీ అదే ప్రశ్న.

తర్వాత ఖర్చు లేని పరీక్షలు.

ట్యాంకు మూత. గాలి లోపలికి పోయే దారి మూసుకుపోతే ఫీడ్ పంపు పీల్చేకొద్దీ ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడుతుంది. బండి కాసేపు బాగా నడిచి ఆగిపోతుంది, కాసేపు ఆపితే మళ్ళీ నడుస్తుంది. ఆగినప్పుడు మూత తీస్తే బుస్సుమని గాలి పీలుస్తుంది. మూత వదులుగా పెట్టి నడిపితే సమస్య పోయిందంటే రోగం దొరికినట్టే.

స్టాప్ వైరు. పాత బళ్ళలో ఇంజన్ ఆపడానికి లాగే నాబ్ ఉంటుంది కదా, దాని వైరు తుప్పుపట్టి పూర్తిగా వెనక్కి రాకపోతే పంపు సగం ఆపేసినట్టే ఉంటుంది. లోడు లాగదు. అలాగే యాక్సిలరేటర్. ఒకర్ని పెడల్ పూర్తిగా తొక్కమని, పంపు దగ్గర లివర్ చివరిదాకా వస్తోందో లేదో ఇంకొకరు చూడాలి. రాకపోతే పికప్ లేదని పంపుని తిట్టుకోవడం అన్యాయం.

ఎయిర్ ఫిల్టరు. ఇది ఇంధనం వ్యవస్థలో భాగం కాదు గానీ, అది మూసుకుపోతే వచ్చే నల్లపొగని అందరూ పంపు మీదే వేస్తారు.

డీజిల్ శాంపిల్. ట్యాంకు అడుగు ప్లగ్గు నుంచో, ఫిల్టరు అడుగునుంచో గాజు సీసాలోకి కొంచెం పట్టి అరగంట వదిలేయండి. నీళ్ళు ఉంటే అడుగున విడిగా తేలిపోతాయి. మా కొల్లేరు పక్క ఊళ్ళలో ఇది తప్పనిసరి. గాలిలో తేమ ఎక్కువ, సగం ఖాళీ ట్యాంకుతో రాత్రుళ్ళు నిలబెడితే లోపల చెమ్మ పట్టి నీళ్ళవుతాయి. పైగా చేపల లారీ మీద ఐసు నీళ్ళు కారుతూనే ఉంటాయి, మూత వాషర్ పాతదైతే అవి ఎటు పోతాయో చెప్పక్కర్లేదు. నీళ్ళకీ డీజిల్‌కీ మధ్య జిగురులాంటి నాచు కనిపిస్తే, అక్కడ సూక్ష్మజీవులు కాపురం పెట్టాయని అర్థం. అప్పుడు ఫిల్టరు ఒక్కటే మారిస్తే వారంలో మళ్ళీ మూసుకుపోతుంది, ట్యాంకే కడగాలి.

ఇక అన్నిటికంటే నాకు నచ్చిన పరీక్ష, క్యాను. ఫీడ్ పంపుకి వచ్చే లైను ఊడదీసి, దాని బదులు ఒక మంచి గొట్టం పెట్టి, శుభ్రమైన డీజిల్ ఉన్న క్యానులోకి వదలండి. ఎయిర్ తీసి బండి నడపండి. సమస్య పోయిందా? అయితే రోగం ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య ఉంది: జాలీ, గొట్టాలు, మూత, లేదా డీజిలే. పోలేదా? అయితే ఇవతలి సగం వదిలేసి అవతల వెతకండి. ఇది బైనరీ సెర్చ్ అని మీకు ఇప్పటికే వెలిగి ఉంటుంది. ఎనిమిది చోట్ల అనుమానం ఉంటే ఎనిమిదీ విప్పక్కర్లేదు, సగానికి సగం కొట్టేసుకుంటూ పోతే మూడు పరీక్షలు చాలు. గిట్ బైసెక్ట్ వాడే మనవాళ్ళు బండి దగ్గరికొచ్చేసరికి మెకానిక్ ఏం చెబితే దానికి తలూపడం నాకు చోద్యంగా అనిపిస్తుంది.

ఈ పరీక్షలో రెండు జాగ్రత్తలు. క్యాను మొదట ట్యాంకు ఎత్తులోనే పెట్టాలి. పైన కడితే డీజిల్ దానంతట అదే దిగి వస్తుంది, ఫీడ్ పంపు నీరసం బయటపడదు. ముందు కింద పెట్టి, తర్వాత పైకెత్తి చూడండి. కింద ఉన్నప్పుడు పని చేయక పైన ఉన్నప్పుడు మాత్రమే చేస్తే అనుమానం ఫీడ్ పంపు మీదికి పోతుంది. రెండోది, రిటర్న్ డీజిల్ ట్యాంకులోకే పోతుంది కాబట్టి క్యాను అనుకున్నదానికంటే తొందరగా ఖాళీ అవుతుంది. ఓ కన్ను వేసి ఉంచాలి.

బాబాయి లారీకి వచ్చిన తంటా ఇలాగే దొరికింది. రాత్రి నిలబెడితే పొద్దున్న సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగిపోయేది. ఒకసారి అందుకుంటే మాత్రం సాయంత్రం దాకా ఏ పేచీ లేదు. పక్క టౌన్లో ఒక పంపు షాపు వాళ్ళు లక్షణం వినగానే ఎలిమెంట్లు అరిగాయన్నారు. బాబాయి ఫోన్ చేసి "ఏరా, పంపు దించమంటున్నారు, పట్టుబడి నెత్తి మీద ఉంది, ఏం చేద్దాం?" అన్నాడు. "ఒక్కరోజు ఆగు బాబాయ్, నేనొస్తున్నాగా" అన్నాను. ఎందుకంటే లక్షణం ఆ మాటతో పొసగలేదు. ఎలిమెంట్లు అరిగితే సాధారణంగా వేడి మీద స్టార్టింగ్ కష్టమవుతుంది. వేడికి డీజిల్ పల్చబడి అరిగిన సందులోంచి జారిపోతుంది కాబట్టి. ఇక్కడ కథ తిరగబడి ఉంది. వేడిగా ఉంటే రాజా, రాత్రంతా నిలబడితేనే రోగం. అంటే రాత్రిపూట లైన్లోంచి డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోందన్నమాట.

సాయంత్రం క్యాను కట్టాం. పొద్దున్న మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. ఇంక పంపు ఊసు లేదు. క్యాను తీసేసి, ఫీడ్ పంపు ముందు ఓ అడుగు ట్రాన్స్‌పరెంట్ ట్యూబు పెట్టి నడిపితే అందులో సన్నటి బుడగలు వరసగా కనిపించాయి. చాసిస్ మీద ఇనప లైనుకీ ఫీడ్ పంపుకీ మధ్య ఉండే జానెడు రబ్బరు గొట్టం, క్లిప్పు కింద అడుగువైపు చీలి ఉంది. కొత్త గొట్టం, రెండు క్లిప్పులు కలిపి రెండొందలు కూడా కాలేదు. (ఆ ట్రాన్స్‌పరెంట్ ట్యూబు పరీక్షకి మాత్రమేనండోయ్. డీజిల్‌కి అది గట్టిపడి పగులుతుంది, పని అవ్వగానే తీసెయ్యాలి.)

బాబాయి అడిగిన ప్రశ్న మాత్రం బాగుంది. "లీకుంటే డీజిల్ కారాలి కదరా, చుక్క కూడా తడి లేదేంటి?" అన్నాడు. ఈ మొత్తం విషయంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. ఫీడ్ పంపుకి ముందున్నదంతా పీల్చే వైపు. అక్కడ చిల్లు పడితే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. ఫీడ్ పంపు దాటాక అంతా తోసే వైపు, అక్కడ లీకైతే తడి కనిపిస్తుంది. కంటికి తడి కనిపించే చోటే వెతికేవాడికి పీల్చేవైపు లీకు ఎప్పటికీ దొరకదు. మనం కూడా లాగ్‌లో ఎర్రగా ఉన్న లైన్లే చూస్తూ, అసలు లాగే రాయని చోట ఉన్న బగ్‌ని నెలలతరబడి వదిలేస్తుంటాం.

పీల్చే వైపు బాగుంటే ఎయిర్ తియ్యడం ఒక వరసలో జరగాలి. ముందు ఫిల్టరు మీద స్క్రూ, తర్వాత పంపు మీద స్క్రూ, అప్పటికీ అందుకోకపోతే నాజిల్ పైపుల నట్లు. ప్రైమర్ కొట్టాక దాన్ని మళ్ళీ బిగించడం మర్చిపోతే అక్కడినుంచే గాలి పడుతుంది. నలిగిపోయిన పాత వాషర్లనే మళ్ళీ వేసినా అంతే.

ఇంజన్ మిస్సింగ్ కొడుతుంటే ఏ సిలిండరో తెలుసుకోవడానికి పాత పద్ధతి ఒకటి ఉంది. ఐడిలింగులో ఒక్కో నాజిల్ పైపు నట్టు పంపు వైపున కొంచెం వదులు చేస్తారు. ఇంజన్ చప్పుడు తగ్గితే ఆ సిలిండర్ పని చేస్తున్నట్టు, ఏ తేడా లేకపోతే రోగం అందులో ఉన్నట్టు. ఇక పొగ. నల్లగా వస్తే గాలికి మించి డీజిల్ పోతోంది. తెల్లగా, కళ్ళు మండేలా వస్తే డీజిల్ కాలకుండా బయటికొస్తోంది. నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది, దానికి పంపుని ఏమీ అనకండి.

ఇక్కడ మాత్రం నవ్వులాట కాదు. పాత నాజిల్ తెరుచుకునేదే దాదాపు 200 బార్ల దగ్గర, అంటే కారు టైరులో గాలి కంటే వంద రెట్లు. ఆ జల్లు చర్మంలోకి దిగిపోతుంది. చూడ్డానికి సూది గుచ్చినంతే ఉంటుంది, కానీ వెంటనే ఆసుపత్రికి పోకపోతే చెయ్యి పోయే ప్రమాదం ఉంది. అందుకే నట్టు ఒక్క చుట్టుకి మించి తిప్పకూడదు, గుడ్డ కప్పాలి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి, లీకు ఎక్కడా అని వేలితో తడమకూడదు. చక్రాలకి అడ్డం పెట్టాలి, స్టాప్ నాబ్ పని చేస్తోందో లేదో ముందే చూసుకోవాలి. కొత్త కామన్ రైల్ బళ్ళ మీద ఈ ప్రయోగం అసలే వద్దు, వాటిలో ఒత్తిడి 1600 బార్లు దాటుతుంది. పంపు సీలు తెంచి స్క్రూలు తిప్పడం, నాజిళ్ళు విప్పి చేతి మీద కొట్టించి చూడటం కూడా ఇంటి పనులు కావు. అది బెంచి ఉన్న షాపు పని, అక్కడ ఆ కుర్రాళ్ళ చేతిలో ఉన్న నైపుణ్యం మన డిగ్రీల్లో లేదు. నేను షాపులొద్దనట్లేదు. "పంపు చూడండి" అని కాకుండా "పీల్చే వైపు బాగుంది, ఫిల్టర్లు కొత్తవి, ఎయిర్ లేదు, మూడో సిలిండర్ మిస్ అవుతోంది" అని చెప్పి ఇవ్వండి అంటున్నాను. మంచి బగ్ రిపోర్టుకీ చెత్త బగ్ రిపోర్టుకీ తేడా మనకి తెలియనిదా?

డబ్బు సంగతి అలా ఉంచండి. దీనివల్ల ఇంకో పెద్ద లాభం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. లారీ మైలేజి తగ్గితే మొదటి అనుమానం ఎవరి మీద? డ్రైవర్ మీద. డీజిల్ అమ్ముకుంటున్నాడంటారు. అమ్ముకునేవాళ్ళు లేరని నేననట్లేదు. కానీ నాజిల్ కారుతుంటే, బ్రేకులు పట్టేస్తుంటే, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోతే కూడా మైలేజి తగ్గుతుంది. కొన్ని ఇంజన్లలో డీజిల్ లోలోపలే ఇంజన్ ఆయిల్‌లోకి దిగిపోతుంది, బయట చుక్క కనపడదు. గేజి పుల్ల తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది, డీజిల్ వాసన వేస్తుంది. (అలా ఉంటే బండి నడపకండి, పల్చబడిన ఆయిల్‌తో బేరింగులు పోతాయి.) పుల్ల తీసి చూడ్డానికి నిమిషం పడుతుంది. ఆ నిమిషం కేటాయించకుండా, పదిహేనేళ్ళుగా బండి తోలినవాణ్ణి దొంగ అనడానికి మనకి నోరెలా వస్తుంది? పరీక్ష చెయ్యకుండా వేసే నింద బండి మీద వేస్తే డబ్బు పోతుంది, మనిషి మీద వేస్తే పరువు పోతుంది.

"ఇప్పుడన్నీ కంప్యూటర్ బళ్ళేగా, స్కానర్ పెడితే కోడ్ వస్తుంది, ఈ పాత చింతకాయ పచ్చడి ఎందుకు" అనే మిత్రులున్నారు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చాక కొత్త లారీ అంటే సెన్సార్ల పుట్టే, నిజమే. కానీ కోడ్ చెప్పేది లక్షణం, కారణం కాదు. రైలులో ఒత్తిడి తక్కువ అని కోడ్ వస్తే, దానికి కారణం ఫిల్టరు కావచ్చు, పీల్చేవైపు గాలి కావచ్చు, పంపు అరుగుదల కావచ్చు, నాజిల్ వెనక్కి ఎక్కువ వదలడం కావచ్చు. కోడ్ చూసి పార్టు మార్చేవాడికీ, టీ కొట్టు దగ్గర పంపు అనేవాడికీ తేడా చేతిలో ఉన్న స్కానర్ ఒక్కటే. అసలు బాధ వేరే ఉంది. ఆ కోడ్‌ల వివరాలు, వైరింగు బొమ్మలు, పరీక్షల వరస బండి కొన్నవాడికీ, ఊళ్ళో మెకానిక్‌కీ అందాలి కదా. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రైట్ టు రిపేర్ మీద ఒక కమిటీ వేసింది. అందులో వ్యవసాయ పరికరాలు, ఫోన్లతోపాటు వాహనాల్ని కూడా చేర్చారు, ఆ డిసెంబర్లో పోర్టల్ కూడా తెరిచారు. మంచి అడుగే. కానీ బొమ్మలు, కోడ్‌లు ఇచ్చి తీరాలన్న చట్టం దాకా పోతే తప్ప గట్టు మీద నిలబడ్డ లారీకి ఒరిగేదేమీ లేదు. ఆ బళ్ళలో సాఫ్ట్‌వేర్ రాసేది మనవాళ్ళే, హైదరాబాద్లో, బెంగళూరులో, పూణేలో. ఎర్రర్ మెసేజ్ రాసేటప్పుడు అది చదవబోయేది కైకలూరు షెడ్డులో మెకానిక్ అని ఒక్కసారి తలుచుకుంటే చాలు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. పాత లారీ ఎంత బాగా చూసుకున్నా కొత్తదానంత శుభ్రంగా నడవదు. 2021లో వచ్చిన పాత వాహనాల విధానం ఉద్దేశం అదే, ఫిట్‌నెస్ లేని బండి పోవాల్సిందే. పాత లారీలని పూజించమని నేను చెప్పట్లేదు. కాకపోతే రోడ్డు మీద ఉన్నన్నాళ్ళూ అది ఊరంతా పొగ పెట్టకుండా ఉండాలంటే, దాని రోగం సరిగ్గా తెలుసుకోవడం ఒక్కటే దారి.

అనుభవం ఉన్నవాళ్ళ ఊహ చాలాసార్లు నిజమవుతుంది, కాదనను. కానీ ఊహ నిజమో కాదో పదినిమిషాల్లో తేల్చే పరీక్ష చేతిలో ఉన్నప్పుడు, అది చెయ్యకుండా వేల రూపాయల పని మొదలుపెట్టడాన్ని అనుభవం అనరు, అలవాటు అంటారు. చవక పరీక్ష ముందు, ఖరీదు పని తర్వాత. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, మార్చాక మళ్ళీ చూడాలి, చూసింది రాసిపెట్టుకోవాలి. మీ ఊళ్ళో, మీ ఇంట్లో కూడా ఓ పాత లారీయో, ట్రాక్టరో, చెరువు మీద డీజిల్ ఇంజనో ఉండే ఉంటుంది. ఈసారి సెలవుకి వెళ్ళినప్పుడు ఎవరైనా "పంపు పోయింది" అంటే, "ఎలా తెలిసింది?" అని మర్యాదగా అడిగి చూడండి.